పైకోర్టు చూసేది కట్టలో ఉన్నదే

"కింద కోర్టులో పోతే పోయింది, పైకోర్టులో చూసుకుందాం." జిల్లా కోర్టు ఆవరణలో ఏ చెట్టు కింద నిలబడినా ఈ మాట వినిపిస్తుంది. ఓడిపోతామేమోనని దిగులుపడే మనిషికి ధైర్యం చెప్పడానికి అనే మాటే ఇది. దీన్ని నమ్ముకుని విచారణ దశను తేలిగ్గా తీసుకున్నవాళ్ళు మాత్రం అప్పీలులో చెప్పుకోవడానికి ఏమీ మిగలక నిలబడిపోతారు.

అప్పీలంటే కేసును మళ్ళీ మొదటి నుంచి నడపడం కాదు. సాక్షులు మళ్ళీ బోనెక్కరు. మీ ఎదుటి పక్షం వాడు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎలా తడబడ్డాడో, ఎన్నిసార్లు మంచినీళ్ళు అడిగాడో అప్పీలు జడ్జికి తెలియదు. ఆయన బల్ల మీదికి వచ్చేది ఒక కట్ట. దావా, జవాబు దావా, ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన ప్రశ్నలు), వాంగ్మూలాలు, మార్కయిన దస్తావేజులు, మధ్యలో వేసిన ఐ.ఏ.ల (మధ్యంతర దరఖాస్తుల) మీద ఉత్తర్వులు, డాకెట్ షీటు (ఏ వాయిదాలో ఏం జరిగిందో రాసే కాగితం), తీర్పు, డిక్రీ అన్నీ అందులో ఉంటాయి. కోర్టు హాల్లో జరిగినా ఆ కట్టలోకి ఎక్కని విషయం, అప్పీలు కోర్టు దృష్టిలో జరగనట్టే లెక్క.

కాబట్టి అప్పీలుకు సిద్ధపడాల్సింది తీర్పు వచ్చాక కాదు, దావా వేసే రోజునే. ఈ అధ్యాయంలో సివిల్ దావాల గురించీ, సివిల్ ప్రొసీజర్ కోడ్ 96వ సెక్షన్ కింద వేసే మొదటి అప్పీలు గురించీ మాత్రమే చెబుతాను. క్రిమినల్ కేసుల దారి వేరు.

దావాలో రాయనిది

మన జిల్లాల నుంచి వెళ్ళిన కేసుతోనే మొదలుపెడదాం. వరంగల్‌లోని ఖాళీ స్థలాల మీద ఇంజంక్షన్ దావా పడింది. అన్న నోటిమాటగా చెల్లెలికి ఇచ్చాడనీ, ఆమె దగ్గర తాము కొన్నామనీ వాదులు అన్నారు. ఆ అన్న దగ్గరే తాను కొన్నానని ప్రతివాది అన్నాడు. రెండో అప్పీలులో హైకోర్టు హక్కు ఎవరిదన్న ప్రశ్నలోకి దిగి వాదులకు అనుకూలంగా తేల్చింది. 2008లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. నోటిమాట దానం సంగతి దావాలో లేదు, దాని మీద ఇష్యూ లేదు, అలాంటప్పుడు సాక్ష్యంలో ఎంత ఉన్నా దాని మీద తీర్పు చెప్పడానికి వీల్లేదంది. ఇదే అనతుల సుధాకర్ కేసు. ఇంజంక్షన్ దావా నడిపే ప్రతి వకీలుకూ నోటికొచ్చిన తీర్పు.

ఇందులో మనం పట్టుకోవాల్సింది వరుస. విషయం ముందు దావాలో ఉండాలి. దాని మీద ఇష్యూ పడాలి. ఆ తర్వాతే సాక్ష్యం. ఈ వరుస తప్పితే మీ సాక్షి అద్భుతంగా చెప్పినా ఆ చెప్పింది గాలిలో ఉంటుంది. ఇష్యూలు ఖరారైన రోజు చాలామంది కక్షిదారులు కోర్టుకే రారు, వాయిదా తేదీ గుమాస్తా ఫోన్‌లో చెబుతాడు. నా లెక్కలో దావా జీవితంలో ఆ రోజుకున్న విలువ తీర్పు రోజుకు కూడా లేదు. ఇష్యూల కాగితం కాపీ తెచ్చుకుని, మీ వాదనలో ఒక్కో ముక్కకూ అందులో చోటుందో లేదో చూసుకోండి. లేకపోతే డిక్రీ అయ్యేలోపు ఎప్పుడైనా ఇష్యూలు మార్చమనీ, కొత్తవి చేర్చమనీ అదే కోడ్ 14వ ఆర్డర్ 5వ రూల్ కింద అడగొచ్చు. ఇష్యూ లేకపోయినా ఇరుపక్షాలూ సంగతి తెలిసే సాక్ష్యం నడుపుకున్నాయి కనుక ఫర్వాలేదని నెడునూరి కామేశ్వరమ్మ కేసులో సుప్రీంకోర్టు అన్న మాట నిజమే. అది చివరి ఆసరా. దాన్ని చూసుకుని ముందే అశ్రద్ధ చేయకూడదు.

ఇదే దశలో గడువు దాటిపోయే అభ్యంతరం ఇంకొకటుంది. ఈ దావా ఈ ఊరి కోర్టులో వేయాల్సింది కాదని మీరనుకుంటే, ఆ మాట మొట్టమొదటి అవకాశంలోనే, ఇష్యూలు పడే నాటికైనా చెప్పి తీరాలి. అప్పుడు ఊరుకుని అప్పీలులో లేవదీస్తే 21వ సెక్షన్ ఒప్పుకోదు.

నోటి నుంచి కాగితం మీదికి

అమెరికాలో ఉంటున్న మన పిల్లలు అక్కడి కోర్టులు చూసి వచ్చి ఇక్కడి పద్ధతికి ఆశ్చర్యపోతుంటారు. అక్కడి ఫెడరల్ కోర్టుల్లో విచారణలో పలికిన ప్రతి మాటా పొల్లుపోకుండా రికార్డవుతుంది. అప్పీలుకు వెళ్ళేవాడు నోటీసు దాఖలు చేసిన 14 రోజుల్లోగా తనకు కావలసిన ట్రాన్‌స్క్రిప్టుకు ఆర్డరివ్వాలి. అంత రికార్డున్నా అభ్యంతరం సమయానికి, కారణంతో సహా చెప్పకపోతే సాధారణంగా అప్పీలులో పనికిరాదు. కోర్టు ఏదైనా సాక్ష్యాన్ని వద్దంటే, ఆ సాక్ష్యంలో ఏముందో అప్పుడే రికార్డుకు ఎక్కించుకోవాలి.

మన దగ్గర రికార్డే వేరు. ముఖ్య విచారణ అఫిడవిట్ రూపంలో వస్తుంది. క్రాస్ మాత్రం నోటితో సాగుతుంది. వకీలు తెలుగులో అడుగుతాడు, సాక్షి తెలుగులో చెబుతాడు, జడ్జిగారు దాని సారాన్ని చాలా కోర్టుల్లో ఇంగ్లిషులో చెబితే టైపవుతుంది. సాధారణంగా ప్రశ్న కాగితం మీద ఉండదు, జవాబు మాత్రమే కథలా ఉంటుంది. మీ వకీలు పది నిమిషాలు తిప్పి తిప్పి అడిగి రాబట్టిన ఒప్పుకోలు ఒక్క వాక్యమై కూర్చుంటుంది. ఆ వాక్యం అటూ ఇటూ అయితే పది నిమిషాలూ వృథా.

దీనికి మందు చట్టంలోనే ఉంది, అడిగేవాళ్ళే తక్కువ. ఒక ప్రశ్న, దాని జవాబు యథాతథంగా రాసుకోమని 18వ ఆర్డర్ 10వ రూల్ కింద కోర్టును కోరవచ్చు. కీలకమైన జవాబు దగ్గర మీ వకీలు ఇది చేయాలి, ప్రతి జవాబుకూ చేస్తే కోర్టు విసుక్కుంటుంది. 11వ రూల్ ఇంకా గట్టిది. ఎదుటి వకీలు అడిగిన ప్రశ్నకు మీ వైపు నుంచి అభ్యంతరం చెప్పినా కోర్టు ఆ ప్రశ్నను అనుమతిస్తే, ప్రశ్న, జవాబు, అభ్యంతరం, అభ్యంతరం చెప్పినవారి పేరు, దాని మీద కోర్టు నిర్ణయం అన్నీ జడ్జి రాసుకోవాలి. సాక్షి వాలకం మీద అవసరమనిపించిన వ్యాఖ్యలు రాసే అధికారం 12వ రూల్ ఇస్తుంది. "జడ్జిగారు కూడా చూశారు కదండీ, వాడు నీళ్ళు నమిలాడు" అని తర్వాత అనుకునే బదులు, ఆ క్షణంలోనే నమోదు చేయమని అడగాలి.

సాక్షి మీ మనిషైతే సంతకం పెట్టేముందు ఆగమని చెప్పండి. ఇచ్చిన భాషలో కాక వేరే భాషలో వాంగ్మూలం రాసినప్పుడు, ఆ భాష రాని సాక్షికి రాసినదాన్ని అతని భాషలో వివరించాలని 6వ రూల్ చెబుతోంది. కౌలుకు చేస్తున్నాడన్న మాట స్వాధీనంలో ఉన్నాడన్నట్టు పడితే కేసు తిరగబడుతుంది. "చదివి వినిపించండయ్యా" అని అడగడం సాక్షి హక్కు. బోనులో నిలబడ్డ పల్లెటూరి మనిషికి ఆ ధైర్యం తనంతట రాదు, ముందురోజే చెప్పి పంపాలి.

క్రాస్ సంగతిలోనే ఇంకొకటి. మన వాంగ్మూలాల్లో "అని చెప్పుట నిజం కాదు" అన్న వాక్యాలు వరుసగా కనిపిస్తాయి. ఇదేమిటి, అన్నీ కాదన్నాడే అని కక్షిదారు దిగులుపడతాడు. అక్కర్లేదు. సాక్షి చెప్పినదాన్ని మీరు ఒప్పుకోలేదని రికార్డుకు ఎక్కించేవి ఆ వాక్యాలే. ముఖ్యమైన విషయం మీద సాక్షిని అసలు ప్రశ్నించకుండా వదిలేస్తే, దాన్ని ఒప్పుకున్నట్టే తీసుకోమని అప్పీలులో ఎదుటి పక్షం అడుగుతుంది, చాలాసార్లు కోర్టు వింటుంది కూడా. అందుకే క్రాస్‌కు ముందు ఎదుటి సాక్షి అఫిడవిట్‌లో మీరు కాదనే ప్రతి పేరా పక్కనా గీత పెట్టి మీ వకీలుకివ్వండి.

దస్తావేజు మార్కయ్యే నిమిషం

మొత్తం విచారణలో ఒక్క పూటే కోర్టుకు రాగలనంటే, ఎదుటి పక్షం దస్తావేజులు మార్కయ్యే పూట రండి అంటాను. మన కోర్టుల్లో వాది కాగితాలు ఎ1, ఎ2 అనీ, ప్రతివాదివి బి1, బి2 అనీ నంబర్లు పడతాయి. ఆ నంబరు పడే నిమిషంలో నోరు విప్పకపోతే కొన్ని అభ్యంతరాలు శాశ్వతంగా పోతాయి. అన్నీ పోవు. ఏది పోతుందో, ఏది మిగులుతుందో తెలియడంలోనే కిటుకుంది.

తెలంగాణ పల్లెల్లోని సాదా బైనామా తీసుకోండి. తెల్లకాగితం మీద రాసుకున్న భూమి అమ్మకం. దాని మీద రెండు లోపాలు చెప్పొచ్చు, స్టాంపు చాలలేదని ఒకటి, రిజిస్ట్రేషన్ లేదని మరొకటి. రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఫలితం వేరు. స్టాంపు అభ్యంతరం ఆ నిమిషంలో చెప్పకుండా దస్తావేజు సాక్ష్యంలోకి వెళ్ళిపోతే, స్టాంపు చట్టం 36వ సెక్షన్ ప్రకారం ఆ దావాలో ఇక ఏ దశలోనూ దాన్ని లేవదీయలేరు. జావేర్ చంద్ కేసులో 1961లోనే సుప్రీంకోర్టు ఇది తేల్చేసింది. సమయానికి చెబితే మాత్రం స్టాంపు తగ్గిన మొత్తం, దానితోపాటు పదిరెట్ల దాకా జరిమానా కడితేగాని ఆ కాగితం లోపలికి రాదు. రిజిస్ట్రేషన్ లేదన్న లోపం అలాంటిది కాదు. కాగితం మార్కయినా, దాన్ని బట్టి అమ్మకం జరిగిందని రుజువు చేయడానికి రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ అడ్డుగా నిలుస్తూనే ఉంటుంది.

జిరాక్సు కాపీల సంగతి మూడోది. అసలు లేకుండా నకలు పెట్టినప్పుడు అభ్యంతరం దస్తావేజు మీద కాదు, దాన్ని రుజువు చేసే పద్ధతి మీద. ఇలాంటిది మార్కు చేసేటప్పుడే చెప్పాలని, అప్పుడు ఊరుకుని తర్వాత అంటే కుదరదని 2003లో వెంకటాచల గౌండర్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. కారణం న్యాయంగా ఉంది. అప్పుడే చెప్పి ఉంటే ఎదుటివాడు అసలు తెచ్చుకునేవాడో, మరో సాక్షిని పిలిపించుకునేవాడో. మీరు ఊరుకుని అతనికి ఆ దారి మూసేశారు.

చాలా సివిల్ కోర్టుల్లో అభ్యంతరం చెబితే, దానికి లోబడి మార్కు చేసి, నిర్ణయాన్ని తుది వాదనల దాకా వాయిదా వేస్తారు. 2001 నాటి బిపిన్ పంచల్ తీర్పు తర్వాత ఈ అలవాటు బలపడింది. స్టాంపు అభ్యంతరాన్ని మాత్రం అలా వాయిదా వేయకుండా అప్పుడే తేల్చాలని ఆ తీర్పే చెప్పింది. ఇక్కడ చాలామంది జారిపడేది రెండోసారి. అభ్యంతరం చెప్పి, రాయించుకుని, రెండేళ్ళ తర్వాత వాదనల రోజున దాన్ని మరిచిపోతారు. తీర్పులో దాని ఊసే ఉండదు. అభ్యంతరానికి లోబడి మార్కయిన కాగితాల జాబితా ఒకటి మీ దగ్గర ఉంచుకుని వాదనల ముందు రోజు మీ వకీలు చేతిలో పెట్టండి.

మీ వైపు నుంచి ఫోన్ రికార్డింగులో, వాట్సాప్ సందేశాలో పెడుతుంటే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయండి. అందులో ఎ, బి అని రెండు భాగాలున్నాయి, రెండోది నిపుణుడు ఇవ్వాలి. అప్పీలులో తెచ్చుకుందాంలే అనుకోవద్దు.

ప్రతిదానికీ అభ్యంతరం చెప్పమని కాదు నేననేది. కేసు మంచిచెడులను గాని, కోర్టు అధికార పరిధిని గాని తాకని చిన్న లోపాలకు డిక్రీని తిరగరాయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 99వ సెక్షన్ అప్పీలు కోర్టుకు చెబుతోంది. ఊరికే లేచి అడ్డుపడే వకీలు మాటను, అసలైన చోట కూడా కోర్టు పట్టించుకోవడం మానేస్తుంది. కేసును నిలబెట్టే లేదా పడగొట్టే కాగితాలు మహా అయితే మూడో నాలుగో ఉంటాయి. పట్టుదల అక్కడ చూపండి.

కోర్టు వద్దన్నప్పుడు కాగితం అడగండి

"ఆ సాక్షి అక్కర్లేదులెండి" అని జడ్జిగారు నోటితో అంటారు. మీ వకీలు తలూపుతారు. సాక్షి ఇంటికి వెళ్ళిపోతాడు. అప్పీలులో ఆ సాక్షి గురించి చెప్పుకోవడానికి కట్టలో ఏమీ ఉండదు.

అప్పీలులో అదనపు సాక్ష్యానికి 41వ ఆర్డర్ 27వ రూల్ తెరిచిన తలుపులు మూడే. తీసుకోవాల్సిన సాక్ష్యాన్ని కింది కోర్టు కాదనడం మొదటిది. ఎంత శ్రద్ధ పెట్టినా అది అప్పట్లో మీకు తెలియకపోవడమో దొరకకపోవడమో రెండోది. తీర్పు చెప్పడానికి అప్పీలు కోర్టుకే అది కావలసిరావడం మూడోది. కేసులో వదిలేసిన ఖాళీలు పూడ్చుకోవడానికి ఇది దారి కాదని 2012లో ఇబ్రహీం ఉద్దీన్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. మొదటి తలుపు తెరుచుకోవాలంటే కింది కోర్టు కాదన్నట్టు రుజువుండాలి. కాబట్టి నోటితో అడగడం చాలదు. ఐ.ఏ. వేయాలి, అందులో ఆ సాక్షి ఏం చెబుతాడో, ఆ కాగితం ఎందుకు కావాలో రాయాలి, కొట్టేస్తే కొట్టేసినట్టు ఉత్తర్వు రావాలి. ఓడిపోయే ఐ.ఏ. ఎందుకు వేయాలని మీ వకీలుగారు అనొచ్చు. వేసేది అప్పీలు కోసం.

ఆ ఉత్తర్వు మీద అప్పుడే రివిజన్‌కు వెళ్ళకపోతే అంతా పోయిందని భయపడేవాళ్ళుంటారు. సాధారణంగా పోదు. కేసు ఫలితాన్ని ప్రభావితం చేసిన మధ్యంతర ఉత్తర్వులోని తప్పును, డిక్రీ మీద వేసే అప్పీలులోనే ఒక కారణంగా చూపుకునే వీలు 105వ సెక్షన్ ఇచ్చింది. షరతు ఒక్కటే, అప్పీలు మెమోలో దాన్ని విడిగా రాయాలి.

తీర్పులో జరగనిది రాస్తే

"ఈ అంశంపై ప్రతివాది తరపు వకీలు వాదించలేదు" అని తీర్పులో ఉంటుంది. మీ వకీలు అరగంట వాదించారు, మీరు వెనక బెంచీలో కూర్చుని విన్నారు. అప్పీలులో అది చెబితే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. కోర్టులో ఏం జరిగిందో జడ్జి తీర్పులో రాసినదే తుది మాట, దాన్ని అఫిడవిట్లతో ఖండించడానికి వీల్లేదని రామదాస్ శ్రీనివాస్ నాయక్ కేసులో 1982లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి మన తెలుగువారే. పొరపాటు పడిందనుకుంటే, సంగతి జడ్జి మనసులో పచ్చిగా ఉండగానే, అదే జడ్జి దగ్గరికి వెళ్ళి సరిచేయమని అడగాలి. అది మానేసి పైకోర్టులో అన్నది అన్నట్టే పోతుంది.

ముందుజాగ్రత్త ఇంకా తేలిక. వాదనలు ముగిసేలోపు రాతపూర్వక వాదనలు దాఖలు చేసి, ఎదుటి పక్షానికి కాపీ ఇస్తే 18వ ఆర్డర్ 2వ రూల్ ప్రకారం అవి రికార్డులో భాగమవుతాయి. వాదించలేదన్న మాట అప్పుడు నిలబడదు. నన్నడిగితే ఫీజు మాట్లాడుకునే రోజునే రాతపూర్వక వాదనల సంగతి కూడా మాట్లాడుకోవాలి.

తీర్పు రోజు చేయాల్సిన పని

తీర్పు చదివిన రోజే కాపీ అప్లికేషన్ వేయండి. బాధపడటానికి తర్వాత టైముంది. అప్పీలు హైకోర్టుకైతే 90 రోజులు, జిల్లాలోని మరో కోర్టుకైతే 30 రోజులు గడువు. నకలు రావడానికి పట్టే కాలం లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ కింద మినహాయింపులో పోతుంది. అయితే మీరు అప్లికేషన్ పెట్టకముందు డిక్రీ తయారీకి కోర్టు తీసుకున్న రోజులు మినహాయింపులోకి రావు. స్టాంపులు కట్టమన్న తేదీ దాటించి ఆలస్యంగా కడితే ఆ రోజులూ మీ ఖాతాలోనే. ఇవన్నీ నకలు మీద తేదీలతో సహా ఉంటాయి, దాచడానికి వీలుండదు. ఒక్క రోజు మించినా ఆలస్యాన్ని మన్నించమని అఫిడవిట్‌తో విడిగా పిటిషన్ వేయాలి.

తీర్పు, డిక్రీతో ఆగకండి. అన్ని వాంగ్మూలాలకూ, కీలకమైన ఎగ్జిబిట్లకూ, కొట్టేసిన ఐ.ఏ.ల ఉత్తర్వులకూ, డాకెట్ షీటుకూ నకళ్ళు అడగండి. కింది కోర్టు కట్ట పైకి వెళ్ళేలోపు మెమో రాయాలి కదా. చాలా మెమోల్లో మొదటి కారణం ఒకటే ఉంటుంది, తీర్పు చట్టానికీ సాక్ష్యపు బరువుకూ విరుద్ధమని. అది మర్యాద వాక్యం, దానితో ఏ అప్పీలూ గెలవదు. వాది వైపు రెండో సాక్షి (పి.డబ్ల్యు.2) క్రాస్‌లో ఒప్పుకున్న ఫలానా వాక్యాన్ని కింది కోర్టు చూడలేదు, బి4 మీద స్టాంపు అభ్యంతరాన్ని తేల్చకుండా మార్కు చేసింది, ఫలానా తేదీ ఐ.ఏ.ను తప్పుగా కొట్టేసింది అని వేలుపెట్టి చూపే కారణాలు కావాలి. మెమోలో రాయని కారణాన్ని కోర్టు అనుమతి లేకుండా వాదించనివ్వరు.

గెలిచినవాళ్ళు ఈ అధ్యాయం తమకు కాదనుకుంటారు. దావా మీ పక్షాన డిక్రీ అయినా, అడిగిన వాటిలో కొంత కొట్టేసి ఉండొచ్చు, ఒక ఇష్యూ మీకు వ్యతిరేకంగా తేలి ఉండొచ్చు. ఎదుటివాడు అప్పీలు వేశాక మీకు వ్యతిరేకంగా పోయిన భాగం మీద క్రాస్ అబ్జెక్షన్ వేసుకోవడానికి 41వ ఆర్డర్ 22వ రూల్ ఇచ్చిన గడువు, అప్పీలు విచారణ తేదీ నోటీసు మీకో మీ వకీలుకో అందిన నాటి నుంచి ఒక నెల. నోటీసు అందుకున్న రోజే ఆ తేదీ కవరు మీద రాసి, దాన్ని తీసుకుని నేరుగా మీ వకీలు దగ్గరికి వెళ్ళండి.